పొడి మేస్త్రి కిందికి చూసిన రోజు

లోకంలో ఇంతవరకూ కురిసిన మంచులో సగం దేవుడు కురిపించాడు, మిగతా సగం మా తాతయ్య కురిపించాడు. నాణ్యం మాటకొస్తే మా తాతయ్యదే పైచెయ్యి. దేవుడి మంచు కాస్త ఎండ తగిలితే కరిగి నీళ్లయిపోతుంది. మా తాతయ్య మంచు కరగదు. చీపురుతో ఊడ్చి, మట్టి ఏరేసి, మర్నాడు మళ్లీ కురిపించుకోవచ్చు. దేవుడికి చలికాలం వస్తేగానీ చేతకాదు. మా తాతయ్య నడివేసవిలో, ఫ్యాన్లు ఆపేసిన రేకుల షెడ్డులో, ఒళ్లంతా చెమటలు కారుతుండగా, డైరెక్టరు "కానివ్వండి" అన్న మరుక్షణం కురిపించేవాడు.

ఈ కోతలు నేను ఆయన ఎదుటే కోస్తుంటాను. ఆయనేం మురిసిపోడు. "మంచు కాదే మొద్దూ, పొడి" అంటాడు. అంతే.

నేను ఆయన కూతురి కూతుర్ని. నా చదువు పదో తరగతి గడప దాకా వెళ్లి, చెప్పులు అక్కడే వదిలేసి ఇంటికొచ్చేసింది. ఆ చెప్పులు కూడా కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ వేసుకునే రకాన్ని. ఇప్పటికీ కుడి ఏదో చెప్పమంటే రాసే చెయ్యి ఒకసారి ఊపి చూసుకుంటాను. ఎవరైనా తొందరపెడితే అదీ తప్పుతుంది. ఆటోవాళ్లు నన్ను ఎక్కించుకుని చాలా ఊరు చూశారు.

మా తాతయ్య సినిమా స్టూడియోలో పొడి మేస్త్రి. మా ఊళ్లో మంచు పడదు. చలికాలంలో ఉక్కపోత కాస్త తగ్గితే అదే గొప్ప. కానీ సినిమాలో క్రిస్మస్ వచ్చిందంటే మంచు పడి తీరాలి, లేకపోతే జనం అది క్రిస్మస్ అని నమ్మరట. అందుకని పల్చటి తెల్ల కాగితాన్ని గోరంత ముక్కలుగా కత్తిరించి, సబ్బు తురుము కలిపి, ఊదితే లేచేలా తయారుచేసేవారు. దాన్నే పొడి అంటారు. నేల మీద పోసేది ఉప్పు, కొమ్మల మీద పరిచేది దూది, కిటికీ అంచుల్లో పూసేది నురగ. అవి ఎవరైనా చేస్తారు. పైనుంచి రాల్చడమే పనితనం.

సెట్టు మీద, దీపాలకంటే ఎత్తున, పరంజా కట్టేవారు. దాని మీద జల్లెడలు పట్టుకుని నలుగురైదుగురు కూర్చునేవారు. మధ్యలో తాతయ్య. జల్లెడని ఊపకూడదు, తిప్పాలి. ఊపితే పొడి గుంపులుగా పడుతుంది, తిప్పితే విడివిడిగా, దేన్నో వెతుక్కుంటున్నట్టు దిగుతుంది. ఇది మొదటి పాఠం. రెండోది ఇంకా ముఖ్యం. కిందికి చూడకూడదు.

"చూపు ఎటు పోతే చెయ్యి అటు పోతుంది, చెయ్యి ఎటు పోతే పొడి అటు పోతుంది" అని కొత్తగా చేరిన వాళ్లకి చెప్పేవాడట. "హీరోయిన్ని చూశావనుకో, వీధంతా ఎండాకాలం, ఆ పిల్ల నెత్తి మీద మాత్రం తుపాను."

అందుకని అందరూ పైకప్పు చూస్తూ పనిచేసేవారు. అన్నేళ్లు స్టూడియోలో ఉన్నాడు కదా, పేరున్న నటుడు ఒక్కడైనా ఎలా నటిస్తాడో చెప్పమంటే మా తాతయ్య తెల్లమొహం వేస్తాడు. రేకుల్లో ఎక్కడెక్కడ చిల్లులున్నాయో అడగండి, చెబుతాడు.

ఆయన పొడి రాల్చిన సినిమాల్లో ఒక్కటీ క్రిస్మస్ గురించి తీసింది కాదు. ఒకదాంట్లో బ్యాంకు దొంగలు సొరంగం తవ్వుకుంటూ పోయి, ఎవరింట్లోనో క్రిస్మస్ చెట్టుని పడగొట్టుకుని పైకి తేలతారు. అంతే క్రిస్మస్. ఇంకోదాంట్లో అత్తా కోడలూ సినిమా మొత్తం తిట్టుకుని, చివర్లో అలిసిపోయి కేకు కోస్తారు, కిటికీ బయట పొడి పడుతుంది. మరోదాంట్లో దెయ్యం ఉంది, దానికి చలి కాబట్టి మంచు. ఇవన్నీ ఏడాదంతా ఎవరికీ గుర్తుండవు. డిసెంబరు రాగానే టీవీ వాళ్లు దుమ్ము దులిపి "క్రిస్మస్ ప్రత్యేకం" అని జనం మీదికి వదులుతారు.

వాటిలో మా ఇంట్లో పేరు పెట్టి పిలిచే సినిమా ఒకటే. అసలు పేరు వేరే ఏదో ఉంది. మాకు అది లారీ సినిమా.

చిన్నప్పుడు నేను అడిగాను. "తాతయ్యా, ఇది దొంగతనం అంటగట్టిన లారీ డ్రైవరు కథ కదా, క్రిస్మస్ సినిమా ఎలా అవుతుంది?"

"నా పొడి పడిందిగా. అయింది."

లారీ సినిమాలో క్రిస్మస్ ఎంతసేపంటే, టీ గ్లాసు చేతిలోకి తీసుకుని మొదటి గుటక వేసేంతసేపు. లారీ వచ్చి వీధి మొదట్లో ఆగుతుంది. హారన్ రెండుసార్లు మోగుతుంది. వెంటనే చర్చి గంటలు. అసలు దొంగ పండగ బజారులో జనం మధ్యనుంచి తప్పించుకుని పరిగెడతాడు. వాణ్ణి అందరూ చూస్తారు. మేం చూడం. మేం తెరకి కుడి పక్కనుంచి వచ్చే నీలం కోటు మనిషిని చూస్తాం. ఆమె మా అమ్మమ్మ.

అమ్మమ్మ నటి కాదు. ఆ రోజు తాతయ్యకి భోజనం డబ్బా తెచ్చింది. జనంలో నడవాల్సిన ఒకావిడ ఉన్ని కోటులో ఉడికిపోయి కళ్లు తిరిగి పడిపోతే, ఆ కోటు తీసి, డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మా అమ్మమ్మకి తొడిగేశారు. "ఇటునుంచి అటు నడవమ్మా, ఎక్కడా ఆగొద్దు, పైకి చూడొద్దు" అన్నారు. అప్పటికి ఆమె నిండు గర్భిణి. బొత్తాలు పెట్టడానికి కుదరక, కోటు రెండంచులూ పొట్ట మీద ఒక చేత్తో పట్టుకుని నడిచింది. ఆ చేతి కింద ఉన్నది మా అమ్మ. అందుకే మా అమ్మ, ఇంటికి ఎవరొచ్చినా, తాను పుట్టకముందే సినిమాల్లోకి వచ్చి పుట్టాక మానేశానని చెప్పుకుంటుంది.

తాతయ్య వీధికి అవతలి పక్క, సరిగ్గా కెమెరాకి ఎదురుగా పైన ఉన్నాడు. ఎప్పట్లాగే రేకుల్ని చూస్తూ జల్లెడ తిప్పుతున్నాడు. కింద ఎవరో "ఆ డబ్బా పక్కన పెట్టి నడవమ్మా" అనడం వినిపించింది. ఏ డబ్బా అనుకున్నాడు. కిందికి చూశాడు.

చూపు ఎటు పోతే చెయ్యి అటు పోయింది.

అదే క్షణంలో అమ్మమ్మ ఆగింది. ఎక్కడా ఆగొద్దన్నారుగా, ఆగింది. పైకి చూడొద్దన్నారుగా, చూసింది. మొగుడు కనిపించాడు. నవ్వింది. ఇక తుపానే. వీధిలో అందరి మీదా నాలుగు పలుకులు రాలుతుంటే ఆమె మీద గంపలు గంపలుగా పడింది. ఆమె కదిలితే పొడి కూడా కదిలి వెంట నడిచింది. ఇప్పటికీ ఆ సినిమా చూసినవాళ్లు, "మంచుని చూసి ఆవిడ ఎంత సంబరపడిందో!" అంటారు. ఆవిడ మంచుని చూడలేదు.

డైరెక్టరు గొడుగు విసిరికొట్టాడట. "ఏమయ్యా మేస్త్రీ! ఆ నీలం కోటావిడ మీద నీకేం పగ?"

పరంజా మీంచి ఎవరో అరిచారు. "పగ కాదు సార్, పెళ్ళాం!"

సెట్టంతా గొల్లుమంది. మళ్లీ తీద్దామంటే పొడి లేదు. ఉన్నదంతా ఆమె మీదే అయిపోయింది. అలా ఆ షాటు సినిమాలో ఉండిపోయింది. తాతయ్యని పైనుంచి దించేసి, కొన్నాళ్లు నేల మీద ఉప్పు పోసే పనిలో పెట్టారు.

సాయంత్రం ఇంటికి నడుస్తూ అమ్మమ్మ జుట్టు దులుపుకుంటూనే ఉందట. "ఏమండీ, నోట్లోకి కూడా పోయింది. సబ్బు రుచి."

"నిన్నెవరు పైకి చూడమన్నారు?"

"మిమ్మల్నెవరు కిందికి చూడమన్నారు?"

ఈ రెండు ముక్కలూ తాతయ్య ఎన్నిసార్లు చెప్పినా రెండోదాన్ని అమ్మమ్మ గొంతుతోనే చెబుతాడు. నేను ఆ గొంతు వినలేదు. మా అమ్మకీ సరిగ్గా గుర్తులేదు. తాతయ్య ముక్కుతో పలికే ఆ ఒక్క వాక్యమే మాకు మా అమ్మమ్మ గొంతు.

ఆమె ఎక్కువకాలం బతకలేదు. మామయ్య ఇంకా చంక దిగని వయసులో ఉండగా ఆమెకి దగ్గు పట్టుకుంది, దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆస్పత్రిలో చేర్చారు. ఒక మధ్యాహ్నం కబురు స్టూడియో గేటు దగ్గరికి వచ్చేసరికి తాతయ్య పరంజా మీదున్నాడు. ఎత్తున కూర్చున్న మనిషికి అలాంటి మాట చెప్పకూడదు, ఒణికి పడిపోతాడని, షాటు అయ్యేదాకా ఆగారు. దిగాక చెప్పారు. దులుపుకోకుండానే పరిగెత్తాడు.

మా అమ్మ అప్పుడు చిన్నపిల్ల. ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. తల, కనుబొమలు, మీసాలు తెల్లగా నెరిసిన ముసలాయన ఎవరో పరిగెత్తుకొస్తుంటే కాళ్లు ముడుచుకుని దారిచ్చింది. ఆయన ఆగి "అమ్మలూ" అన్నాక గొంతు పట్టి పోల్చుకుంది.

"నాన్నా, నువ్వెప్పుడు ముసలాడివైపోయావ్?" అని అడిగిందట.

లోపల అప్పటికే దుప్పటి మొహం దాకా కప్పేశారు. తాతయ్య దుప్పటి తొలగించి వంగాడు. ఆయన జుట్టులోంచి పొడి రాలింది. ఆమె బుగ్గ మీద, రెప్పల మీద. నర్సు తుడవడానికి చెయ్యి చాపితే "ఉండనివ్వండమ్మా" అన్నాడు. ఆ మాట మా అమ్మ వింది. ఎప్పుడైనా ఈ సంగతి చెబితే అక్కడితో ఆపేసి, ఏదో పనున్నట్టు లేచి వెళ్లిపోతుంది.

మా ఇంట్లో అమ్మమ్మ ఫొటో ఒకటే ఉంది. కదలొద్దని ఫొటో తీసినవాడు అన్నాడేమో, కళ్లు పెద్దవి చేసుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఆ మాట మీద ఇప్పటికీ కదలడం లేదు. ఆమె కదిలేది లారీ సినిమాలోనే. ఏడాదికి ఒకసారి, డిసెంబరు ఇరవై అయిదున, మధ్యాహ్నం పూట.

ఒకప్పుడు మామయ్య దాన్ని టీవీలోంచి క్యాసెట్‌కి ఎక్కించాడు. కొన్నాళ్లకి ఆ క్యాసెట్ మీదే తన పెళ్లి ఎక్కించాడు. చూసుకోలేదట. "పోనీలే, అక్కడ కూడా అందరూ నవ్వుతూనే ఉన్నారుగా" అన్నాడు తాతయ్య. కానీ మామయ్య పెళ్లి వీడియో ఎప్పుడు పెట్టినా, లేచి పెరట్లోకి పోయేవాడు. నేను ఫోన్లో వెతికితే అదే పేరుతో వేరే సినిమా వస్తుంది, అందులో అందరూ సముద్రంలో ఈదుతుంటారు. స్టూడియో ఎప్పుడో మూతబడింది. ఇప్పుడక్కడ కార్లు కడుగుతారు. నురగ మాత్రం ఇంకా ఉంది.

ఈ మధ్య సినిమాల్లో మంచు కంప్యూటరు కురిపిస్తుంది. అలాంటిదొకటి చూపించి, ఎలా ఉందని అడిగాను. చాలాసేపు చూశాడు. "అందరి మీదా సమానంగా పడుతోంది. పైన మనిషి లేడు" అన్నాడు.

నిజం మంచు ఆయన ఎప్పుడూ చూడలేదు. ఫ్రిజ్‌లో గడ్డకట్టింది గీకి చేతిలో పెడితే వేళ్లతో నలిపి, "రెండో టేకుకి ఉండదు" అని పారబోశాడు.

పోయిన ఏడాది నుంచి ఆయన గోడలకి తగులుకుంటున్నాడు. ముందు మేం నవ్వాం. తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. కంటి నరం ఎండిపోతోందన్నాడు డాక్టరు. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోదాంట్లో కాగితం గొట్టంలోంచి చూసినంత మేర కనిపిస్తోంది, ఆ గొట్టం కూడా సన్నబడుతోంది. ఆపరేషన్‌కి లొంగేది కాదట.

"వచ్చే ఏడాదికి వెలుగూ చీకటీ తెలిస్తే సంతోషించాలి" అన్నాడు.

"డిసెంబరు దాకా ఉంటుందా?" అని అడిగాడు తాతయ్య.

"ఈ డిసెంబరా? ఉంటుంది."

"చాలు" అన్నాడు. డాక్టరుకి అర్థం కాలేదు. అమ్మకీ నాకూ అర్థమైంది. ఈసారి చూస్తే చూసినట్టు. ఇంకోసారి లేదు.

డిసెంబరు ఇరవై అయిదు పొద్దున్నే తాతయ్య గడ్డం గీయించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చెవుల వెనక కూడా సబ్బుతో రుద్దుకున్నాడు.

"ఎవరినైనా చూడ్డానికి వెళ్తున్నావా తాతయ్యా?" అన్నాను.

"వాళ్లే వస్తున్నారు" అన్నాడు.

అమ్మ టీవీ అద్దం తుడిచి, ఎదురుగా మోకాళ్లు తగిలేంత దగ్గరగా కుర్చీ వేసింది. తాతయ్యకి కనిపించేది తెరలో అరచేతి మేర. ఆ అరచేతిని ఎక్కడ పెట్టాలన్నది ఆయన దిగులు. ఆమె వచ్చేలోపు చూపు ఇంకెక్కడో తచ్చాడితే దాటిపోతుంది. అందుకని తెర అంచున, ఆమె మొదట కనిపించే ఎత్తులో, టేపు ముక్క అంటించమన్నాడు. వేలు దాని మీద పెట్టుకుని, వేలి పక్కనే చూస్తూ కూర్చుంటాడట.

నేను అంటించాను. ఆయన తడిమి చూసుకుని నా చెయ్యి మీద ఒక్కటిచ్చాడు. "కుడి పక్కనే, కుడి! నీ చదువు తగలెయ్య."

పీకి కుడి పక్క అంటించాను.

సినిమా మొదలైంది. డ్రైవరు మీద నేరం పడింది, డ్రైవరు పారిపోయాడు, డ్రైవరు పాట పాడాడు. తాతయ్య వేలు టేపు మీదే ఉంది. అమ్మ వంటింటి గుమ్మానికి ఆనుకుని, తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తోంది. లారీ వచ్చి వీధి మొదట్లో ఆగింది. హారన్ మోగింది. రెండోసారి మోగింది. తాతయ్య ఊపిరి బిగబట్టాడు.

తెర మీద పోలీస్ స్టేషన్. ఇన్‌స్పెక్టరు బల్ల గుద్దుతున్నాడు.

"గంటలేవే?" అన్నాడు తాతయ్య.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆ సీను కోసేశారు. పొద్దుట్నుంచీ క్రిస్మస్ ప్రత్యేకం, క్రిస్మస్ ప్రత్యేకం అని చెవులు ఊదరగొట్టి, ఆ సినిమాలో ఉన్న ఆ కాస్త క్రిస్మస్‌నీ కోసి అవతల పారేశారు. ప్రకటనలకి చోటు చాలలేదు కాబోలు.

"వెనక్కి జరిపినట్టున్నారు తాతయ్యా. తర్వాత వస్తుందేమో."

"సీనుని వెనక్కి జరపడమేంటే, అదేమైనా కుర్చీయా?"

"టీవీ వాళ్లు కదా, ఏదైనా చేస్తారు."

ఆయన వేలు తియ్యలేదు. ఇన్‌స్పెక్టరు అరుస్తున్నాడు, లాయరు వాదిస్తున్నాడు, డ్రైవరు చెల్లెలు ఏడుస్తోంది. వాళ్లెవరూ ఆయనకి కనిపించరు. ఆయనకి టేపు ముక్క పక్కన అరచేతి మేర గోడో, తలుపో, ఎవరిదో మోచెయ్యో కనిపిస్తుండాలి. అంత ఖాళీలోకి అంత ఆశగా చూసే మనిషిని పక్కన కూర్చుని చూడటం నావల్ల కాలేదు.

సినిమా అయిపోవస్తోంది. కోర్టు సీను ముందు ప్రకటనలు వచ్చాయి. మొదటిది బట్టల సబ్బుది. పండగని కాబోలు, గంటలు మోగుతుంటే పిల్లలు నురగలో ఎగురుతున్నారు. తెరంతా తెల్లగా, పలుకులు పలుకులుగా ఎగిరింది.

నేను ఆలోచించలేదు. ఆలోచించి చేసే పనులు నాకు రావు.

"తాతయ్యా, వచ్చింది!" అని అరిచి, రిమోట్ తీసుకుని సౌండు ఆపేశాను.

"సౌండెందుకు ఆపావు?"

"ఆ సీనులో మాటల్లేవుగా. చూడు, చూడు. గంటలయ్యాయి. బజారు. దీపాలు. దొంగ పరిగెడుతున్నాడు, వాడు పోతే పోనీ. అదిగో, ఎడమ పక్కనుంచి వస్తోంది. నీలం కోటు. ఒక చేత్తో పొట్ట మీద పట్టుకుంది."

తాతయ్య వేలు టేపు ముక్క మీంచి జారింది. చెయ్యి మోకాలి మీదికి వచ్చింది.

"మీ అమ్మ ఉందా?" అన్నాడు.

"ఉంది. కోటు కిందే ఉంది."

గుమ్మం దగ్గర గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. అమ్మకి అబద్ధమంటే ఒళ్లు మంట. చిన్నప్పుడు లేని కడుపునొప్పి ఉందన్నందుకు నన్ను వీపు చిట్లేలా కొట్టింది. ఆ అమ్మ వచ్చి కుర్చీ వెనక నిలబడి, "అమ్మే నాన్నా. నడిచొస్తోంది" అంది.

ప్రకటన అయిపోయింది. తెర మీద ఎవడో పళ్లు తోముకుంటున్నాడు. నేను ఆపలేదు. "నడుస్తోంది. పొడి మొదలైంది. జనం మీద కొంచెం కొంచెం. ఒక ముసలాయన టోపీ మీద, ఒక పాప చేతిలో బుట్ట మీద. ఇప్పుడు అమ్మమ్మ ఆగింది."

"ఆగిందా?"

"ఆగింది. ఆగొద్దన్నా ఆగింది."

"ఎటు చూస్తోంది?"

"పైకి."

"పైకంటే?"

"నీ వైపు."

అప్పుడు చూశాను. ఆయన టీవీని చూడటం లేదు. కళ్లు మూసుకుని ఉన్నాడు. ఒళ్లో రెండు చేతులూ కాస్త ఎడంగా, మధ్యలో గుండ్రటిదేదో పట్టుకున్నట్టున్నాయి. మెల్లగా తిరుగుతున్నాయి. ఊపడం లేదు, తిప్పుతున్నాడు.

"నవ్వుతోందా?" అన్నాడు.

నేను చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నాను. అమ్మే చెప్పింది. "నవ్వుతోంది నాన్నా. జుట్టంతా తెల్లగా అయిపోయింది. నోట్లోకి కూడా పోయింది."

ఆయన చేతులు ఇంకా కాసేపు తిరిగి ఆగాయి. తెర మీద కోర్టు వచ్చింది, జడ్జి నోరు కదుపుతున్నాడు. ఎవరం సౌండు పెట్టలేదు. నేను చున్నీతో మొహం తుడుచుకుని, ఏమీ జరగనట్టు అడిగాను. "బాగా కనిపించిందా తాతయ్యా?"

ఆయన కళ్లు తెరిచాడు. టీవీ వైపు కాకుండా నా గొంతు వచ్చిన వైపు తిరిగాడు.

"కళ్లు పోతున్నాయి గానీ చెవులకేం రోగం? ఆ గంటలు బట్టల సబ్బువి. ఇంకోటి, తెర మీద ఆవిడ కుడి పక్కనుంచి వస్తుందే, దొంగమొహమా. పైన కూర్చున్న నాకు ఎడమ పక్కనుంచి వచ్చింది. అలా రావడం నేనొక్కణ్ణే చూశాను. ఏడవకుండా నోరు మూసుకుని మళ్లీ మొదట్నుంచి చెప్పు."